జింకల వేట లైసెన్సుల లెక్కలు: వేటగాళ్లు తగ్గుతున్నారో లేదో తేల్చుకోవడం ఎలా

అమెరికాలో జింకల వేట సీజన్ ముగిసిన ప్రతిసారీ వేటగాళ్లు తగ్గిపోతున్నారని ఒకరు, మళ్లీ పెరుగుతున్నారని మరొకరు లైసెన్సు అమ్మకాల అంకెలు చూపి వాదిస్తారు. ఇద్దరి దగ్గరా ఉన్నవి నిజమైన అంకెలే కావచ్చు. ఏ అంకెను ఎంచుకున్నారు, ఏ సంవత్సరం నుండి మొదలుపెట్టారు, దేనితో పోల్చారు అన్న వాటిలోనే తేడా అంతా ఉంటుంది. ఒక రాష్ట్రపు లైసెన్సుల పట్టిక దొరికినప్పుడు దానిని ఏ క్రమంలో చదివితే నమ్మదగిన నిర్ణయానికి రాగలమో ఇక్కడ వివరిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: మొత్తం అమ్మకాల గీత ఒక్కటే చూస్తే తెలిసేది చాలా తక్కువ, వేటగాళ్లను పుట్టిన సంవత్సరాలను బట్టి విడదీసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

మొదట దేనిని లెక్కిస్తున్నామో తేల్చుకోవాలి

పట్టికలో ఉన్నది లైసెన్సుల సంఖ్యా, లేక లైసెన్సు కొన్న మనుషుల సంఖ్యా అన్నది తొలి ప్రశ్న. ఫెడరల్ ప్రభుత్వపు ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ఏటా రాష్ట్రాలవారీగా ప్రకటించే పట్టికలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒక వరుసలో డబ్బు చెల్లించి లైసెన్సు పొందినవారి సంఖ్య ఉంటుంది, మరొక వరుసలో అమ్ముడైన లైసెన్సులు, ట్యాగులు (ఒక్కో జంతువును వేటాడేందుకు ఇచ్చే చీటీలు), పర్మిట్లు, స్టాంపులు అన్నీ కలిపి ఉంటాయి. ఒకే మనిషి తుపాకీ వేటకు ఒకటి, విల్లు వేటకు ఒకటి, కొమ్ములు లేని జింకకు మరొకటి కొనవచ్చు కనుక, రెండో వరుస పెరిగినంత మాత్రాన వేటగాళ్లు పెరిగారని చెప్పడానికి వీలు లేదు. మనకు కావలసింది మొదటి వరుస. అది కూడా పూర్తిగా శుద్ధమైనది కాదు. ఒహాయోలో నివసిస్తూ అక్కడా, మిషిగన్‌లోనూ లైసెన్సు కొన్న వ్యక్తి రెండు రాష్ట్రాల లెక్కల్లోనూ కనిపిస్తాడు, కాబట్టి దేశం మొత్తం కలిపినప్పుడు అతడు ఇద్దరవుతాడు.

రాష్ట్రాలు ఈ లెక్కను ఇంత జాగ్రత్తగా ధ్రువీకరించి పంపడానికి కారణం డబ్బు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వసూలయ్యే ఎక్సైజ్ పన్నును వన్యప్రాణి సంరక్షణ కోసం రాష్ట్రాలకు పంచుతారు. ఆ పంపకంలో సగం రాష్ట్ర వైశాల్యాన్ని బట్టి, సగం డబ్బు చెల్లించిన లైసెన్సుదారుల సంఖ్యను బట్టి జరుగుతుంది. ఏ రాష్ట్రానికీ 5 శాతానికి మించదు, 0.5 శాతానికి తగ్గదు. అందువల్ల ఈ పట్టిక నిధుల పంపిణీ కోసం తయారైనదే తప్ప వేటగాళ్ల జనాభా లెక్క కాదన్న విషయం మనసులో ఉంచుకుని చదవాలి.

రెండో చిక్కు జింకలది. మొత్తం వేట లైసెన్సుల నుండి జింకలను వేటాడేవారిని వేరు చేయడం అన్ని రాష్ట్రాల్లో ఒకేలా కుదరదు. విస్కాన్సిన్‌లో తుపాకీతో జింకలను వేటాడడానికి ప్రత్యేక లైసెన్సు ఉంది కాబట్టి అక్కడి లెక్క తిన్నగా దొరుకుతుంది. టెక్సస్‌లో సాధారణ వేట లైసెన్సుతోనే జింకల ట్యాగులు వస్తాయి, కనుక పావురాల కోసం మాత్రమే వెళ్లేవాడి జేబులో కూడా జింక ట్యాగు ఉంటుంది. అటువంటి చోట లైసెన్సుల పట్టికను పక్కన పెట్టి, సీజన్ తరువాత వేటగాళ్లను అడిగి రాష్ట్ర శాఖ తయారుచేసే సర్వే అంచనాలను ఆధారం చేసుకోవాలి. మిషిగన్‌లో 2014 నుండి ఏ వేటకైనా ముందుగా బేస్ లైసెన్సు తీసుకోవడం తప్పనిసరి అయింది, జింకల లైసెన్సు దానిపై అదనం. ఆ సంవత్సరానికి ముందూ వెనుకా ఉన్న లైసెన్సుల సంఖ్యలను ఒకే గీతగా కలిపితే ఆ గీతకు అర్థం ఉండదు. మనుషుల సంఖ్యను తీసుకుంటేనే గీత తెగకుండా సాగుతుంది.

లైసెన్సు సంవత్సరం కూడా చూసుకోవాలి. పెన్సిల్వేనియాలో అది జూలై 1న, టెక్సస్‌లో సెప్టెంబర్ 1న, విస్కాన్సిన్‌లో ఏప్రిల్ 1న మొదలవుతుంది. రెండు రాష్ట్రాలను పోల్చేటప్పుడు క్యాలెండర్ సంవత్సరాలను కాక, ఏ శరత్కాలపు సీజన్‌కు సంబంధించిన అమ్మకాలో చూసి వాటిని జత చేయాలి.

మొదలుపెట్టే సంవత్సరం, భాగించే జనాభా

ఫెడరల్ లెక్కల్లో లైసెన్సుదారుల సంఖ్య 1982లో సుమారు 1 కోటి 67 లక్షలతో శిఖరానికి చేరింది. ఇటీవలి సంవత్సరాలలో అది ఒకటిన్నర కోట్ల ప్రాంతంలో ఉంది. ఇంతవరకే చూస్తే తగ్గుదల స్వల్పంగా తోస్తుంది. అయితే అదే కాలంలో దేశ జనాభా సుమారు 23 కోట్ల నుండి 33 కోట్లకు పెరిగింది. ప్రతి 100 మందికి ఏడుగురికి పైగా ఉన్న లైసెన్సుదారులు నాలుగున్నర దగ్గరకు వచ్చారు. సమాజంలో వేట స్థానం ఏమిటన్నది ప్రశ్న అయితే ఈ నిష్పత్తే జవాబు చెప్పాలి. సంరక్షణ శాఖ ఆదాయం ఎంత, అడవిలోకి ఎన్ని తుపాకులు వెళ్తాయి అన్నది ప్రశ్న అయితే అసలు సంఖ్యే కావాలి. ఒక ప్రశ్నకు సంబంధించిన అంకెతో మరో ప్రశ్నకు జవాబు చెప్పడం ఈ చర్చల్లో అతి తరచుగా జరిగే పొరపాటు.

శిఖర సంవత్సరం నుండి గీత మొదలుపెడితే ఎప్పుడూ పతనమే కనిపిస్తుంది. విస్కాన్సిన్ తుపాకీ లైసెన్సులు 2000లో సుమారు 6.9 లక్షలు, ఈ మధ్య సంవత్సరాలలో 5.5 లక్షల ప్రాంతంలో ఉన్నాయి. 2000 తరువాత రెండేళ్లకే, అంటే 2002 ఫిబ్రవరిలో, ఆ రాష్ట్రపు జింకల్లో క్రానిక్ వేస్టింగ్ వ్యాధి (మెదడును దెబ్బతీసి జింకలను చంపే అంటువ్యాధి) బయటపడింది, ఆ శరత్కాలంలో లైసెన్సులు గట్టిగా పడిపోయాయి. కనుక 2000ను ప్రారంభంగా తీసుకున్నవారి గీతలో ఒక శిఖరం, ఒక భయం, ఒక దీర్ఘకాలిక తగ్గుదల, మూడూ కలిసిపోయి ఉంటాయి. కనీసం ఐదేళ్ల సగటులను పోల్చడం, ప్రారంభ సంవత్సరాన్ని ఒకటి రెండేళ్లు అటూ ఇటూ జరిపి ఫలితం నిలుస్తుందో లేదో చూడడం మంచి అలవాటు.

గీత విరిగిన చోట కారణం వెతకాలి

గీత ఒక్కసారిగా పైకో కిందికో వెళ్లినప్పుడు, జనం మనసు మారిందని అనుకోవడానికి ముందు నిబంధన ఏదైనా మారిందేమో చూడాలి. 2014లో విస్కాన్సిన్ క్రాస్‌బో (తుపాకీలా పట్టుకుని మీట నొక్కి బాణం వదిలే విల్లు) వేటను అందరికీ అనుమతించింది. ఆ తరువాత విల్లు లైసెన్సులు తగ్గి క్రాస్‌బో లైసెన్సులు పెరిగాయి, వాటిలో పెద్ద భాగం మనుషులు ఒక గడి నుండి మరో గడికి మారినదే. పెన్సిల్వేనియాలో తుపాకీ సీజన్ ఎన్నో దశాబ్దాలు థ్యాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం వచ్చే పండుగ) తరువాతి సోమవారం మొదలయ్యేది, 2019లో దానిని శనివారానికి మార్చారు. సెలవు పెట్టలేని యువకులకు, విద్యార్థులకు ఇది మేలని సమర్థకులు, సోమవారం అడవి మకాముకు చేరుకునే పాత ఆచారం దెబ్బతిన్నదని వ్యతిరేకులు వాదించారు. ఇటువంటి మార్పు ప్రభావం మొత్తం అమ్మకాల్లో కంటే వయసువారీ పట్టికలో స్పష్టంగా తెలుస్తుంది. రుసుము పెరిగిన సంవత్సరం, సీజన్ తేదీ మారిన సంవత్సరం, వ్యాధి వార్త వచ్చిన సంవత్సరం, ఈ మూడింటినీ గీత కింద రాసి పెట్టుకుంటే సగం ఊహాగానాలు తప్పుతాయి.

పిల్లల లైసెన్సుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2017లో విస్కాన్సిన్ పెద్దల తోడుతో వేటాడే పిల్లలకు ఉన్న పదేళ్ల కనీస వయసును తొలగించింది. ఆ వెంటనే ఏడాది నిండని పసిపిల్లల పేరిట కూడా కొన్ని లైసెన్సులు అమ్ముడయ్యాయి. తాతగారు ముచ్చటపడి జ్ఞాపకంగా కొన్న ఆ కాగితాన్ని యువ వేటగాళ్ల పెరుగుదలగా లెక్కించే పట్టిక ఎంత చక్కగా అచ్చయినా పనికిరాదు. పన్నెండేళ్ల లోపు వారిని విడిగా ఉంచి, పద్దెనిమిదేళ్లు నిండి తమ డబ్బుతో లైసెన్సు కొన్నవారిని మాత్రమే కొత్త తరంగా పరిగణించడం సురక్షితం.

2020లో కరోనా కాలంలో అమ్మకాలు చాలా రాష్ట్రాల్లో పెరిగాయి. అది కొత్తవారి రాకా, మానేసినవారి తిరిగిరాకా, లేక ఏటా కొనేవారు ఆ ఏడు మానకపోవడమా అన్నది మొత్తం సంఖ్య చెప్పదు. లైసెన్సు వ్యవస్థ ప్రతి కొనుగోలుదారుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఆధారంగా ప్రతి ఏటి కొనుగోలుదారులను మూడు గుంపులు చేయాలి: నిరుడు కూడా కొన్నవారు, మధ్యలో మానేసి తిరిగి వచ్చినవారు, మొదటిసారి కొన్నవారు. మొదటిసారి కొన్నవారిలో ఎంతమంది మూడో ఏడాది కూడా మిగిలారన్నది చూసిన తరువాతే ఆ పెరుగుదలకు పేరు పెట్టాలి.

అసలు పని: పుట్టిన సంవత్సరాలను అనుసరించడం

ఇక్కడ కొంత ఓపిక పట్టాలి. ఐదేసి సంవత్సరాల వ్యవధితో, ఉదాహరణకు 2000, 2005, 2010, 2015, 2020 సీజన్ల వయసువారీ పట్టికలను సేకరించి, వయసులను కూడా ఐదేసి సంవత్సరాల గుంపులుగా విడదీయాలి. మామూలుగా అందరూ 2000 నాటి 40–44 వయసు వారిని 2020 నాటి 40–44 వయసు వారితో పోలుస్తారు. దానితో పాటు ఏటవాలుగా కూడా చదవాలి. 2000లో 40–44 ఏళ్ల వయసులో ఉన్నవారే 2005లో 45–49 గడిలో, 2010లో 50–54 గడిలో ఉంటారు. ఆ ఏటవాలు వరుసలో సంఖ్య ఎంత నిలకడగా ఉందో, ఏ వయసు దగ్గర జారడం మొదలైందో చూడాలి.

ఇలా చదివినప్పుడు మూడు వేర్వేరు కదలికలు విడివిడిగా తెలుస్తాయి. వయసు పైబడిన కొద్దీ కాళ్లు, చూపు, చలి తట్టుకునే శక్తి తగ్గి వేట మానడం ఒకటి. వ్యాధి భయం, రుసుము పెంపు వంటి కారణాలతో ఒకానొక సంవత్సరంలో అన్ని వయసుల వారూ తగ్గడం రెండవది. ఒక తరం మొదటి నుంచే తన ముందు తరం కంటే తక్కువ మందితో వేటలోకి రావడం మూడవది. ఈ మూడోదే దీర్ఘకాలంలో నిర్ణయాత్మకం, మొత్తం గీతలో అది అన్నిటికన్నా ఆలస్యంగా కనబడుతుంది. 1946–1964 మధ్య పుట్టిన బేబీ బూమర్లు 2000లో 36 నుండి 54 ఏళ్ల వారు, అంటే వేటకు నిండు వయసు. సంఖ్యలోనూ ఉత్సాహంలోనూ పెద్దదైన ఆ తరం మూడు దశాబ్దాల పాటు మొత్తం అమ్మకాలను నిలబెట్టింది. 2025 నాటికి వారు 61 నుండి 79 ఏళ్ల వారయ్యారు. వారి వెనుక వచ్చిన తరాలు చిన్నవైనప్పుడు, ఏ విధాన లోపమూ జరగకపోయినా అమ్మకాలు తగ్గక తప్పదు. పట్టణాలకు తరలిన కుటుంబాల్లో తండ్రి పిల్లవాడిని అడవికి తీసుకువెళ్లే అవకాశం తగ్గడం ఈ మూడో కదలికకు వెనుక ఉన్న కారణాల్లో ముఖ్యమైనదని నా అంచనా.

పెద్ద వయసు గడులను చదివేటప్పుడు జీవితకాల లైసెన్సులను మరవకూడదు. పెన్సిల్వేనియాలో 65 ఏళ్లు నిండినవారు ఒకేసారి చెల్లించి జీవితకాల లైసెన్సు తీసుకోవచ్చు. అలా తీసుకున్నవారు ఏటా జరిగే అమ్మకాల్లో మళ్లీ కనిపించరు, కానీ అడవిలో ఉంటారు. అమ్మకాల పట్టిక మాత్రమే చూసినవారికి 65 దగ్గర వేటగాళ్లంతా హఠాత్తుగా విరమించుకున్నట్లు తోస్తుంది.

స్త్రీలు, ఇతర వర్గాలు

స్త్రీల వాటా పెరిగిందని చదివినప్పుడు సంఖ్యను కూడా అడగాలి. ఊహకు ఒక లెక్క: లక్ష మంది పురుషులు, పది వేల మంది స్త్రీలు ఉన్న చోట స్త్రీల వాటా 9.1 శాతం. పురుషులు ఎనభై వేలకు తగ్గి స్త్రీలు ఒక్కరు కూడా పెరగకపోయినా ఆ వాటా 11.1 శాతం అవుతుంది. అందుచేత వాటాను, సంఖ్యను, మొదటిసారి కొన్న స్త్రీలలో నిలిచినవారి నిష్పత్తిని కలిపి చూడాలి.

లైసెన్సు రికార్డుల్లో పుట్టిన తేదీ, లింగం, చిరునామా సాధారణంగా ఉంటాయి, ఆదాయం, చదువు వంటివి ఉండవు. వాటికోసం ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ సుమారు ఐదేళ్లకొకసారి జరిపించే జాతీయ సర్వేను ఆశ్రయించాలి. ఆ సర్వే ప్రకారం 16 ఏళ్లు, ఆపై వయసున్న వేటగాళ్లు 2011లో 1 కోటి 37 లక్షలు, 2016లో 1 కోటి 15 లక్షలు. జింకలను వేటాడినవారు 1 కోటి 9 లక్షల నుండి 81 లక్షలకు తగ్గారు. 2016లో వేటగాళ్లలో ప్రతి పదిమందికి తొమ్మిదిమంది పురుషులు. 2022 సర్వేలో వేటగాళ్లు 1 కోటి 44 లక్షలని వచ్చింది. దీనిని చూసి ఆరేళ్లలో 29 లక్షల మంది పెరిగారని రాయడం తప్పు, ఎందుకంటే 2022లో సర్వే పద్ధతే మారింది, దాని ఫలితాలను పాతవాటితో నేరుగా పోల్చడానికి లేదు. వాస్తవానికి అదే కాలంలో లైసెన్సుదారుల సంఖ్యలో అంతటి పెరుగుదల లేదు.

బయటి రాష్ట్రాల వారిని ఎప్పుడూ వేరే వరుసలో ఉంచాలి. వారి రుసుము స్థానికులు చెల్లించే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది కనుక స్థానికులు తగ్గుతున్నా శాఖ ఆదాయం నిలకడగా కనిపించవచ్చు. స్థానిక జనాభాతో భాగించేటప్పుడు కూడా వారిని తీసివేయకపోతే నిష్పత్తి ఉన్నదానికంటే మెరుగ్గా వస్తుంది.

ముందు సంవత్సరాల అంచనా

చివరి ఐదేళ్ల వాలును గీతలా పొడిగించి 2040 గురించి చెప్పడం తేలిక, కానీ అది నమ్మదగినది కాదు. ఏటవాలు పట్టిక ఉన్నప్పుడు మరో మార్గం ఉంది. ప్రతి వయసు గుంపులో ఐదేళ్ల తరువాత ఎందరు మిగులుతున్నారో గత పట్టికల నుండి నిష్పత్తులు తీసి, వాటిని నేటి గుంపులకు వర్తింపజేయాలి. కొత్తగా ప్రవేశించే చిన్న వయసు గుంపులకు రెండు ఊహలు పెట్టుకోవాలి, ఒకటి గత పదేళ్లలో కనిపించిన అతి తక్కువ ప్రవేశ నిష్పత్తి, మరొకటి అతి ఎక్కువది. ఈ రెండింటితో వచ్చే రెండు గీతలనూ ప్రకటించాలి, మధ్య గీత ఒక్కటే ఇవ్వకూడదు. మొదటి పదేళ్లలో ఆ రెండు గీతలూ దాదాపు కలిసే నడుస్తాయి, ఎందుకంటే ఆ కాలాన్ని నిర్ణయించే వయోవృద్ధులు ఇప్పటికే పట్టికలో ఉన్నారు. తరువాతి కాలంలో గీతలు ఎంతగా విడిపోతాయో, కొత్తవారిని వేటలోకి రప్పించడానికి రాష్ట్రం పెట్టే ఖర్చుకు గరిష్ఠంగా అంత ప్రభావమే ఉండగలదు.