సొంతిల్లు కట్టేటప్పుడు సైట్‌లో ఏ పూట ఉండాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగువాళ్ళు చాలామంది ఇల్లు కట్టేది సొంతూళ్ళో, ఉద్యోగం చేసేది విశాఖలోనో హైదరాబాద్‌లోనో. దాంతో పనంతా మేస్త్రీకి అప్పజెప్పేసి, ఫోన్‌కి వచ్చే ఫొటోలు చూసుకుంటూ ఉంటారు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఉల్టా, పొద్దున్నే కుర్చీ వేసుకుని సైట్‌లో కూర్చుని ఇటుక ఇటుకకీ అడ్డం పడి మేస్త్రీకి విసుగు తెప్పిస్తారు. రెండూ అక్కర్లేదు. గోడ కట్టేటప్పుడు మీరు లేకపోయినా పెద్ద నష్టం లేదు, వంకరుంటే తర్వాత కంటికి కనబడుతుంది, విప్పించి మళ్ళీ కట్టించొచ్చు. మట్టి కిందకీ కాంక్రీటు లోపలికీ వెళ్ళిపోయినవి మాత్రం ఇక కనబడవు, సెలవులు దాచుకోవాల్సింది ఆ పూటల కోసమే.

దానికన్నా ముందు స్థలం కాగితాలు. ఒడిశా పట్టా ఒడియా లిపిలో ఉంటుంది, మనలో సగం మందికి గడగడా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అమ్మేవాడి మనిషి చేత కాకుండా మీకు తెలిసిన వాళ్ళెవరి చేతైనా చదివించుకోండి. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల సైట్ భూలేఖ్‌లో జిల్లా, తహసీల్, ఊరు ఎంచుకుని ఖాతా నంబరు కొడితే పట్టా కనబడుతుంది. అందులో కిసమ్ (భూమి రకం) దగ్గర ఘరబారి, అంటే ఇంటి స్థలం, అని ఉండాలి. వ్యవసాయ భూమి అని ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దార్ దగ్గర మార్పించుకోవాలి, అది కాకుండా పునాది తీస్తే బ్యాంకు లోను దగ్గరా ప్లాను దగ్గరా ఆగిపోతారు. రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ఏరియా. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకి మారదు. స్టాంపు పేపరు మీద రాయించుకుంటే చాలని ఎవరు చెప్పినా వినొద్దు, ఇల్లు కట్టాక పోయే కేసు అది.

కొలత కూడా చూసుకోండి. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, తెలంగాణలోనూ మహారాష్ట్రలోనూ 40. అంటే ఇక్కడ గుంట 1742 చదరపు అడుగులు, అక్కడ 1089. డెసిమల్ మాత్రం మన సెంటే, 435.6 చదరపు అడుగులు. బేరం ఏ లెక్కలో ఆడినా చివరికి డెసిమల్‌కి ఎంత పడిందో రాసుకుంటే గొడవుండదు.

ఇక మేస్త్రీ. పాతపట్నం, టెక్కలి నుంచి వచ్చే తాపీ మేస్త్రీ ఒకరు, సెంట్రింగ్ వాళ్ళు ఇంకో ఊరి వాళ్ళు, కూలీలు కొండ ఊళ్ళ నుంచి, ఒకే సైట్‌లో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి. అడుక్కి ఇంత అని లేబర్ కాంట్రాక్టు మాట్లాడుకునేటప్పుడు ఆ అడుగు దేన్ని బట్టి కొలుస్తారో ముందే తేల్చుకోండి, శ్లాబు అంచు నుంచా, గోడ బయటి నుంచా? సన్‌షేడ్లు, మెట్లు, పిట్టగోడ, సెప్టిక్ ట్యాంకు అందులో కలిసేనా, వేరేనా? సెంట్రింగ్ సామాను అద్దె ఎవరిది? ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అడ్వాన్సు తక్కువిచ్చి, పని పూర్తయిన మేరకే డబ్బు ఇవ్వండి. పండక్కి ఇంటికెళ్తాం సార్ అని శ్లాబుకి ముందు పెద్ద మొత్తం అడుగుతారు, పాపం వాళ్ళ అవసరం నిజమే అయినా అప్పుడు మొత్తం ఇచ్చేస్తే మళ్ళీ వాళ్ళు వచ్చేదాకా మీకు టెన్షన్.

ఇనుము దిగే రోజు ఉండాల్సిందే. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం. రాడ్డు, 12 మీటర్ల పొడవుది, దాదాపు 10.66 కిలోలు ఉండాలి, 8 ఎం.ఎం. అయితే 4.74. ఐఎస్ఐ ప్రమాణంలో 12కి ఐదు శాతం, 8కి ఏడు శాతం తేడా ఒప్పుకుంటారు. అంటే 12 ఎం.ఎం. రాడ్డు 10.1 కిలోల కిందకి దిగితే వెనక్కి పంపేయొచ్చు. కట్టకి ఇంత అని కొంటే ఈ తేడా మీ నెత్తినే పడుతుంది, కాటా వేయించి కిలోల లెక్కన కొనండి, బిల్లు తీసుకోండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. పాత రేటు వేస్తున్నారేమో అది కూడా బిల్లులోనే చూసుకోవాలి.

నాగావళి ఇసుకైనా, వంశధారదైనా, మహేంద్రతనయదైనా గాజు గ్లాసు పరీక్ష ఒకటే. సగం గ్లాసు ఇసుక, పైన నీళ్ళు, కాస్త ఉప్పు, బాగా కుదిపి ఒక గంటో రెండో కదపకుండా వదిలేయండి. ఇసుక మీద తేరిన బురద పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటకూడదు. దాటితే ఆ ఇసుకని పునాది నింపడానికి వాడుకోండి, కాంక్రీటుకి వద్దు. ట్రాక్టరు వాణ్ణి వై ఫారం, అంటే ఇసుక రవాణా పర్మిట్, అడగండి, పర్మిట్ లేని ఇసుక మీ గుమ్మం ముందు పోయించుకుంటే తలనొప్పి మీకే.

పునాది కాంక్రీటు వేసే ముందు పూట, శ్లాబు వేసే ముందు పూట, ఈ రెంటికీ ఏ పనున్నా మానుకుని రండి. గోతిలో జాలీ (రాడ్ల అల్లిక) నేలకి ఆనుకుని ఉంటే, రాడ్డుకీ కాంక్రీటు అంచుకీ మధ్య ఎడం ఉంచే కవర్ బ్లాకులు రెండంగుళాలవి పెట్టించండి, పిల్లర్లకి 40 ఎం.ఎం., బీముకి 25, శ్లాబుకి 20. రాయి ముక్కలు పెడతామంటారు, జాలీ మీద మనుషులు నడిచాక అవి జారిపోతాయి. పిల్లర్ల రింగుల కొక్కేలు చూడండి, చివర్లు లంబంగా వంచి వదిలేయకుండా 135 డిగ్రీలకి లోపలికి, పిల్లర్ మధ్యకి తిరిగి ఉండాలి. రాడ్లు అతుకు పెట్టిన చోట మందానికి 50 రెట్లు, అంటే 12 ఎం.ఎం.కి రెండడుగులు, ఒకదాని మీదికి ఒకటి రావాలి, అన్ని అతుకులూ ఒకే చోట రాకూడదు. శ్లాబులో వెళ్ళే కరెంటు పైపులు, ఫ్యాను బాక్సులు ప్లాను చేతిలో పట్టుకుని లెక్కపెట్టుకోండి.

శ్లాబు రోజు అసలు పేచీ నీళ్ళతో. కాంక్రీటు జారుడుగా ఉంటే కూలీలకి పని సులువు, అందుకే మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను) దగ్గరున్నవాడు ఎవరూ చూడనప్పుడు ఇంకో బకెట్ కుమ్మరిస్తాడు. 50 కిలోల బస్తాకి 25 నుంచి 27 లీటర్లు దాటనివ్వకండి. కొలతకి గమేళాల లెక్క నమ్మొద్దు, ఒకడు గుట్టగా పోస్తాడు, ఒకడు సగమే పోస్తాడు. వడ్రంగి చేత 15 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉండే చెక్కపెట్టె చేయించండి, అది సరిగ్గా ఒక బస్తా సిమెంటు పట్టేంత. బస్తాకి ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెలు కంకర, అదే 1:1.5:3. ఇసుక తడిగా ఉంటే ఉబ్బి ఎక్కువ కనబడుతుంది, కాబట్టి ఇసుక కాస్త పెంచి, నీళ్ళు తగ్గించాలి. వైబ్రేటర్ రెండోది అద్దెకి తెచ్చి పక్కన పెట్టుకోండి, మధ్యలో ఆగిపోతే సాయంత్రానికి అతుకు శ్లాబు మిగులుతుంది.

తర్వాత పది రోజులు, కుదిరితే రెండు వారాలు, శ్లాబు మీద మట్టి కట్లు వేసి నీళ్ళు నిలబెట్టాలి, పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టి తడపాలి. దీనికి మీరు రానక్కర్లేదు, పక్కింటి కుర్రాడికి రోజుకింత అని ఇచ్చి వీడియో పంపమనండి. శ్లాబు కింద పోట్లు (ఆనించిన కర్రలు), ఒక ఆధారం నుంచి ఇంకోదానికి దూరం నాలుగున్నర మీటర్ల లోపు అయితే ఏడు రోజులు ఉంచాలి, దాటితే పద్నాలుగు. బీముల కింద పద్నాలుగుకి తగ్గకూడదు. సెంట్రింగ్ సామాను ఇంకో సైట్‌కి కావాలని అడుగుతారు, తొందరపడొద్దు.

ఇక తుపాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12న ఒడిశా గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖలో, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. దసరా ముందూ వెనకా పైకప్పు లేకుండా ఒంటరిగా నిలబడ్డ ఎత్తు గోడలు, కట్టని రేకులు, విడిగా పేర్చిన సెంట్రింగ్ చెక్కలు ఉంచకండి. రేకుల షెడ్డు వేస్తే అంచుల్లో జే-బోల్టులు దగ్గరదగ్గరగా వేయించండి, గాలి మొదట లేపేది అంచునే.

పాత పెంకుటిల్లు బాగుచేసుకునే వాళ్ళకి ఒక మాట. మట్టి గోడలో సున్నం గోడలో ఉంటే వాటి మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేయించకండి, లోపలి తేమ బయటికి రాలేక నాలుగు వానాకాలాల్లో పెచ్చులూడుతుంది, సున్నం పూతే వేయించండి. ఆ గోడల మీదే శ్లాబు వేస్తామనే మేస్త్రీని నమస్కారం పెట్టి పంపేయండి. కొత్త గది పాతదానికి ఆనించి కడితే రెంటి మధ్య ఖాళీ జాయింటు వదలమనండి, లేకపోతే ఆ చోట పగులు తప్పదు. పాత కరెంటు వైర్లు మార్చేటప్పుడు ప్రతి ప్లగ్గుకీ ఎర్త్ వైరు, మెయిన్ బోర్డులో షాక్ కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. సెప్టిక్ ట్యాంకు నీళ్ళు ఇంకే గొయ్యి తాగేనీటి బావికి కనీసం 60 అడుగుల దూరంలో ఉండాలి, స్థలం చిన్నదైతే పక్కింటి బావిని కూడా లెక్కలో వేసుకోండి.

బాత్రూమ్ టైల్స్‌కి ముందు ఇంకోసారి రండి. కంత మూసి రెండంగుళాల నీళ్ళు 48 గంటలు నిలబెట్టించి, కింద శ్లాబుకి తడి కనబడుతుందేమో చూడండి, కనబడితే టైల్స్ మేస్త్రీని ఆపేయండి, ఎంత తొందరపెట్టినా సరే. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడకీ టేపు ఆనించి పైపుల ఫొటోలు తీసి పెట్టుకోండి, మూల నుంచి ఎంత దూరంలో ఏది వెళ్తోందో అందులో తెలుస్తుంది, గీజరు బిగించడానికి వచ్చినవాడికి డ్రిల్లు పెట్టకముందే చూపించండి.