నెట్‌వర్క్ డ్రైవర్ రాద్దాం – 4వ పాఠం: కార్డు ఎంత వేగం మోయగలదు?

పోయిన పాఠంలో ఎండీఐఓ తీగ (చిప్‌తో డ్రైవర్ మాట్లాడే దారి) మీద ఫై చిప్ రిజిస్టర్లు చదవడం నేర్చుకున్నాం. ఫై చిప్ అంటే నెట్‌వర్క్ కార్డులో కేబుల్ మీద సంకేతాలు పంపి అందుకునే చిప్, రిజిస్టర్లు అంటే దానిలోని 16 బిట్ల గళ్లు. ఈసారి ఆ చిప్‌ను ఒకే మాట అడుగుదాం: నీ చేతనైనంత వేగం ఎంత?

సుంకేసుల దగ్గర కేసీ కాలువను చూసినవాళ్లకు ఇది తొందరగా ఎక్కుతుంది. కాలువ ఎంత నీరు మోయగలదన్నది ఒక లెక్క, ఈ పొద్దు ఎంత పారుతోందన్నది ఇంకో లెక్క. కొత్తగా డ్రైవర్ రాసేవాళ్లు చాలామంది 0వ రిజిస్టర్‌లోని వేగం బిట్లు చూసి అదే సామర్థ్యం అనుకుంటారు. అది చిప్‌కు మనమిచ్చే ఆజ్ఞ మాత్రమే. సామర్థ్యం 1వ రిజిస్టర్‌లో ఉంటుంది.

గిగాబిట్ కార్డులో, కేబుల్ తగిలించి ఉన్నప్పుడు, అది తరచుగా ఇట్లా కనిపిస్తుంది:

0111 1001 0110 1101

ఎడమ చివర 15వ బిట్, కుడి చివర 0వ బిట్. 14, 13 బిట్లు 100 మెగాబిట్ల ఫుల్ (రెండు వైపులా ఒకేసారి), హాఫ్ (ఒకసారికి ఒక వైపే) డూప్లెక్స్‌వి. 12, 11 బిట్లు 10 మెగాబిట్లవి. మరి 1000 యాడుంది? ఈ రిజిస్టర్ 1995 నాటి ప్రమాణంలోది, రాగి తీగ మీద గిగాబిట్ 1999లో వచ్చింది. అందుకే 8వ బిట్‌ను దారి చూపే గుర్తుగా పెట్టారు. అది 1 అయితే 15వ రిజిస్టర్ కూడా చదవాలి. అక్కడ 13వ బిట్ 1000 ఫుల్, 12వది 1000 హాఫ్. 8వ బిట్ చూడకుండా 15వ రిజిస్టర్‌కు పోవద్దు.

చిప్ సరేనన్నంత మాత్రాన పని అయిపోదు. వెనకున్న మ్యాక్ (ప్యాకెట్లను ఫై చిప్‌కు అందించే భాగం) 100 దాకే మోయగలిగితే, ఫై చిప్ మాత్రం 1000 అని అవతలి స్విచ్‌తో ఒప్పందం చేసుకుంటుంది. లింకు లేస్తుంది, ప్యాకెట్లు కదలవు. ఎంత వెతికినా దొరకని తప్పు ఇది. లైనక్స్‌లో అయితే ఫై చిప్‌ను స్టార్ట్ చేయకముందే ఫై_సెట్_మ్యాక్స్_స్పీడ్ ఫంక్షన్‌ను పిలిచి వేగాల జాబితాను కత్తిరించండి.

కర్నూలులో ఒక జిరాక్స్ షాపులో గిగాబిట్ కార్డు 100 దగ్గరే ఆగిందని నన్ను పిలిచారు. కార్డు వివరాలు చూపే ఈథ్‌టూల్ అనే ఆదేశంలో సపోర్టెడ్ జాబితా చూస్తే 1000 ఉంది. అంటే కార్డుకు చేతనవును. కేబుల్ విప్పితే నాలుగు తీగల జతల్లో బ్రౌన్ జత తెగి ఉంది. 100కు రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. ఆ చిప్ తనంతట తానే ఒక మెట్టు దిగింది.

అభ్యాసం: కేబుల్ తగిలించి ఒకసారి, పీకి రెండుసార్లు 1వ రిజిస్టర్ చదవండి. 2వ బిట్ లింకు తెగిన సంగతిని చదివేదాకా పట్టి ఉంచుతుంది, కాబట్టి రెండో విలువనే నమ్మండి. 5 (వేగం ఒప్పందం పూర్తయిందనే గుర్తు), 2 బిట్లు మారాలి. 14 నుంచి 11 వరకు కదలకూడదు. పదహారూ 1లే వస్తే, మీరడిగిన చిరునామాలో చిప్ లేదు.