వేర్వేరు నెట్‌వర్క్‌లలోని అప్లికేషన్లను మెసేజ్ క్యూతో కలిపే విధానం

రెండు అప్లికేషన్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే వాటి మధ్య మెసేజ్ క్యూ (సందేశాలను అందుకునేవరకు వరుసలో దాచి ఉంచే ఏర్పాటు) పెట్టడం పెద్ద పని కాదు. ఒక బ్రోకర్‌ను, అంటే క్యూలను నిర్వహించే సర్వర్‌ను, నడిపి, రెండింటినీ దానికి కలిపితే సరిపోతుంది. అవే అప్లికేషన్లు వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉండి, మధ్యలో ఫైర్‌వాల్ ఉన్నప్పుడు కూడా చాలామంది ఇదే పద్ధతిని అనుసరించి, పంపే అప్లికేషన్‌ను అవతలి బ్రోకర్‌కు నేరుగా కలుపుతారు. లింకు తెగగానే ఆ అప్లికేషన్‌కు సందేశం పెట్టే చోటే ఉండదు. క్యూ వల్ల కలగవలసిన ప్రయోజనం అక్కడితో పోతుంది. అందుకే ప్రతి నెట్‌వర్క్‌లోనూ ఒక బ్రోకర్ ఉండాలి, ప్రతి అప్లికేషన్ తన నెట్‌వర్క్‌లోని బ్రోకర్‌తో మాత్రమే మాట్లాడాలి, సందేశాలను అవతలికి దాటించే పని బ్రోకర్లకు వదిలేయాలి. ఈ ఏర్పాటును రాబిట్‌ఎంక్యూ అనే బ్రోకర్ సాఫ్ట్‌వేర్ ఉదాహరణగా వివరిస్తాను.

రెండు బ్రోకర్లు ఉన్నాయి కదా అని వాటిని ఒకే క్లస్టర్‌గా (ఒకే బ్రోకర్‌లా కలిసి పనిచేసే సమూహంగా) చేయకూడదు. క్లస్టర్‌లోని నోడ్లు (ఒక్కో సర్వర్) 4369, 25672 పోర్టుల మీద పరస్పరం మాట్లాడుకుంటాయి, ఒకే రహస్య కుకీని పంచుకుంటాయి. ఆ కుకీ దొరికినవారి చేతికి నోడ్ మొత్తం చిక్కినట్టే. పైగా దూరపు లింకు తరచూ తెగుతుంటే క్లస్టర్ రెండుగా చీలిపోతుంది. దీనికి బదులు షవల్ అనే ప్లగిన్‌ను వాడాలి. అది ఒక బ్రోకర్‌లోని క్యూ నుంచి సందేశాలను తీసుకుని మరో బ్రోకర్‌కు ప్రచురిస్తుంది; రెండింటికీ అది మామూలు క్లయింట్ మాత్రమే.

ముందుగా తేల్చుకోవలసింది కనెక్షన్‌ను ఎవరు మొదలుపెట్టాలన్నది. షవల్ ఏ వైపునైనా నడుస్తుంది: ఇక్కడి సందేశాలను అక్కడికి తోయగలదు, అక్కడివాటిని ఇక్కడికి లాగగలదు. కాబట్టి ఎక్కువ భద్రత అవసరమైన నెట్‌వర్క్‌లోనే దాన్ని నడిపితే, సందేశాలు ఏ దిశలో వెళ్లినా, కనెక్షన్ ఎప్పుడూ లోపలి నుంచి బయటికే వెళ్తుంది. అప్పుడు ఫైర్‌వాల్‌లో ఒకే ఒక నియమం చాలు: ఆ బ్రోకర్ నుంచి అవతలి బ్రోకర్ చిరునామాకు, టీఎల్ఎస్ (కనెక్షన్‌ను గుప్తీకరించే పద్ధతి) వాడే 5671 పోర్టుకు అనుమతి. టీఎల్ఎస్ లేని 5672 పోర్టును, నిర్వహణ పేజీ నడిచే 15672 పోర్టును నెట్‌వర్క్ బయటికి తెరవవద్దు.

తర్వాత అవతలి బ్రోకర్‌లో ఈ పనికోసం ప్రత్యేకంగా ఒక వర్చువల్ హోస్ట్‌ను (బ్రోకర్‌లోనే విడిగా ఉండే విభాగాన్ని), ఒక యూజర్‌ను సృష్టించండి. మొదటి నుంచీ ఉండే గెస్ట్ యూజర్ అదే యంత్రం నుంచి మాత్రమే లాగిన్ కాగలదు. దూరం నుంచి పనిచేసేలా ఆ కట్టడిని సడలించడం తప్పు. సందేశాలను తోసే షవల్‌కు ఒక ఎక్స్ఛేంజ్ (సందేశాలను అందుకుని తగిన క్యూలకు పంపే భాగం) మీద రాసే అనుమతి ఇస్తే చాలు. ఎక్స్ఛేంజ్‌ను, దానికి బైండ్ అయ్యే (ముడిపడే) క్యూను అవతలి నిర్వాహకులు ముందే, డ్యూరబుల్‌గా (బ్రోకర్ ఆగి మళ్లీ మొదలైనా నిలిచేలా) సృష్టించి ఉంచాలి. టీఎల్ఎస్ సర్టిఫికెట్‌లోని పేరు మీరు కనెక్ట్ అయ్యే హోస్ట్ పేరుతో సరిపోవాలి. షవల్ చిరునామాలో ఎదుటివారి సర్టిఫికెట్‌ను తనిఖీ చేయాలని స్పష్టంగా రాయాలి. సర్టిఫికెట్ గడువు తేదీని ఇప్పుడే ఎక్కడైనా నమోదు చేసుకోండి.

ఇక షవల్‌ను నిర్వహణ పేజీ నుంచి చేర్చవచ్చు. అక్కడ అడిగే వివరాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఎక్‌నాలెడ్జ్‌మెంట్ విధానం, అంటే సందేశం అందినట్టు ఎప్పుడు లెక్కించాలన్నది. దాన్ని ఆన్-కన్ఫర్మ్‌గానే ఉంచండి. అప్పుడు అవతలి బ్రోకర్ సందేశం అందిందని ధ్రువీకరించాకే ఇవతలి క్యూ నుంచి అది తొలగిపోతుంది. అయితే ఈ ధ్రువీకరణకు ఒక పరిమితి ఉంది, చాలామంది దాన్ని గమనించరు. ఎక్స్ఛేంజ్‌కు చేరిన సందేశానికి సరిపడే బైండింగ్ ఏదీ లేకపోతే, బ్రోకర్ దాన్ని పారవేసి కూడా అందినట్టే ధ్రువీకరిస్తుంది. ఎవరో రూటింగ్ కీలో (సందేశం ఏ క్యూకు వెళ్లాలో తేల్చే గుర్తులో) ఒక అక్షరం మార్చినా సందేశాలు ఏ లోపమూ కనిపించకుండా మాయమవుతాయి. అందుకే ఆ ఎక్స్ఛేంజ్‌కు ఒక ప్రత్యామ్నాయ ఎక్స్ఛేంజ్‌ను జతచేసి, దారి దొరకని సందేశాలన్నీ చేరేందుకు ఒక క్యూ పెట్టండి. ఈ ఒక్కటి చేయకుండా ఏర్పాటు పూర్తయిందని నేను ఒప్పుకోను.

ఆన్-కన్ఫర్మ్ వల్ల మరో బాధ్యత కూడా వస్తుంది. సందేశం అవతలికి చేరి, ధ్రువీకరణ తిరిగి వచ్చేలోపు లింకు తెగితే, షవల్ అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది. కాబట్టి పంపే అప్లికేషన్ ప్రతి సందేశానికీ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. అందుకునే అప్లికేషన్ తాను అప్పటికే పూర్తిచేసిన సంఖ్య మళ్లీ కనిపిస్తే ఆ పనిని రెండోసారి చేయకూడదు. పంపే అప్లికేషన్ కూడా సందేశాన్ని పర్సిస్టెంట్‌గా (డిస్కులో భద్రపరచవలసినదిగా) గుర్తించి, తన పక్కనున్న బ్రోకర్ ధ్రువీకరణ కోసం ఆగాలి.

లింకు లేని సమయంలో సందేశాలు ఇవతలే పేరుకుంటాయి కనుక డిస్కును లెక్కకట్టి కేటాయించండి. సెకనుకు 100 సందేశాలు, ఒక్కోటి 2 కిలోబైట్లు అనుకుంటే, 8 గంటల్లో 28.8 లక్షల సందేశాలు, దాదాపు 5.8 గిగాబైట్లు పోగవుతాయి. ఖాళీ స్థలం హెచ్చరిక హద్దు మొదట 50 మెగాబైట్లే ఉంటుంది. అది ఏమాత్రం చాలదు, పెంచండి. ఖాళీ స్థలం ఆ హద్దు కంటే తగ్గితే బ్రోకర్ కొత్త సందేశాలను తీసుకోవడం ఆపేస్తుంది.

పరీక్షలో బ్రోకర్‌ను ఆపి చూడటం సరిపోదు, ఎందుకంటే అప్పుడు కనెక్షన్ మర్యాదగా మూసుకుంటుంది. ఫైర్‌వాల్‌లో 5671 ప్యాకెట్లను తిరస్కరించకుండా నిశ్శబ్దంగా పారవేయించండి; నిజమైన నెట్‌వర్క్ వైఫల్యం ఇలాగే ఉంటుంది. హార్ట్‌బీట్ (కనెక్షన్ ఇంకా ఉందని తెలిపే చిన్న సంకేతం) వ్యవధి సాధారణంగా 60 సెకన్లు. ఆ లెక్కన షవల్ కొద్ది నిమిషాల్లోపే కనెక్షన్ పోయిందని గుర్తించాలి, ఇవతలి క్యూ పెరగాలి, నియమం తిరిగి సరిచేశాక షవల్ తనంతట తానే కనెక్టయి క్యూ ఖాళీ కావాలి. పరీక్షలో సంఖ్య వేసి పంపిన 10,000 సందేశాల్లో ప్రతి సంఖ్యా అవతల కనీసం ఒక్కసారైనా కనిపించిందో లేదో సరిచూసుకున్న తర్వాతే అసలు అప్లికేషన్లను కలపండి.