దురద, తెల్లబట్ట: ‘వేడి చేసింది’ అనుకునే ముందు

కింద దురదగా ఉందని అమ్మకో అత్తకో చెబితే మొదట వచ్చే మాట ‘వేడి చేసింది, మజ్జిగ తాగు’. మజ్జిగ తాగితే నష్టమేమీ లేదు, దురద మాత్రం దాంతో పోదు. అలాగని తెల్లబట్ట కనిపించినప్పుడల్లా జబ్బని భయపడక్కర్లేదు. రెండు నెలసరులకి మధ్య రోజుల్లో గుడ్డు తెల్లసొనలా సాగుతూ వచ్చేది మామూలే. దురద, మంట, చెడు వాసన లేకపోతే దాని జోలికి వెళ్లకండి.

సమస్య: ఆగని దురద, విరిగిన పాలలా ముద్దలుగా తెల్లబట్ట

మూత్రం తగిలితే చురుక్కుమంటుంది. బయటి చర్మం ఎర్రగా వాచిపోతుంది. కలయికలో మంట. చెడు వాసన మాత్రం పెద్దగా ఉండదు, గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు.

కారణం: చాలాసార్లు ఇది క్యాండిడా అనే ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. ఎక్కడో అంటుకొచ్చింది కాదు, చాలామంది ఒంట్లో కొద్దిగా ఉండేదే. యోనిలోని లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా దాన్ని పెరగనివ్వదు. గొంతునొప్పికో పంటినొప్పికో యాంటీబయాటిక్ వాడామనుకోండి, ఈ కాపలా బ్యాక్టీరియా కూడా తగ్గిపోతుంది. ఈస్ట్‌కి దారి దొరుకుతుంది. గర్భం, అదుపులో లేని షుగర్, స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇందుకు కారణమవుతాయి.

ఏం చేయాలి: మొదటిసారి అయితే గైనకాలజిస్టుకు చూపించుకోండి. సాధారణంగా రాత్రి పడుకునే ముందు లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు గానీ, ఒక్కసారి మింగే 150 మిల్లీగ్రాముల ఫ్లూకోనజోల్ గానీ రాస్తారు. గర్భిణులు ఫ్లూకోనజోల్ సొంతంగా మింగకూడదు. వాళ్లకు లోపల పెట్టుకునే మందే 7 రాత్రులు ఇస్తారు. క్లోట్రిమజోల్ వాడే రోజుల్లో కండోమ్ రబ్బరు బలహీనపడుతుందనీ గుర్తుంచుకోండి.

సమస్య: పల్చగా బూడిదరంగు స్రావం, చేపల వాసన

ఇది ఈస్ట్ కాదు, బ్యాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు, అంటే కాపలా బ్యాక్టీరియా తగ్గి వేరే బ్యాక్టీరియా పెరగడం. దీనికి ఫంగస్ మందు పనిచేయదు, మెట్రోనిడజోల్ లాంటివి కావాలి. నురగగా పసుపుపచ్చగా వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని అనుమానిస్తారు. అది కలయిక ద్వారా వచ్చేది కాబట్టి భర్తకీ మందు వాడాలి. ఈస్ట్‌కి అయితే ఆయనకు దురద, ఎర్రదనం ఉంటేనే.

సమస్య: క్రీమ్ రాస్తే తగ్గుతుంది, నెల తిరక్కుండానే మళ్లీ మొదలు

మెడికల్ షాపులో నోరు తెరిచి చెప్పలేక ‘దురదకి క్రీమ్ ఇవ్వండి’ అంటాం. ట్యూబ్ మీద క్లోబెటసాల్, బెక్లోమెథాసోన్ లాంటి పేరు కనిపించిందంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. దురద వెంటనే చల్లబడుతుంది, ఫంగస్ మాత్రం అక్కడే ఉంటుంది. తగ్గిందని మనం అనుకునేది ఈ చల్లబడటాన్నే.

ఇలా తిరగబెడుతుంటే ముందు షుగర్ పరీక్ష చేయించండి. షుగరున్న సంగతి ఈ దురద వల్లే బయటపడేవాళ్లూ ఉంటారు. షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి, అక్కడ ఈస్ట్‌కి పండగ. మాత్రలు మీరే ఆపేయకండి. ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తే స్రావాన్ని కల్చర్ పరీక్షకు (ల్యాబ్‌లో పెంచి ఏ క్రిమో చూడటానికి) పంపి, వారానికో ఫ్లూకోనజోల్ మాత్ర చొప్పున ఆరు నెలల కోర్సు పెడతారు.

మళ్లీ రాకుండా

బకెట్ నీళ్లలో మూతెడు యాంటీసెప్టిక్ లిక్విడ్ పోసుకుని కడుక్కునే అలవాటు మానండి. లోపల సబ్బు, సెంటు వాష్‌లు అసలే వద్దు. యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది. బయట మామూలు నీళ్లు చాలు. పెరుగు, వెల్లుల్లి లోపల పెట్టమనే చిట్కాలు వినకండి.

ఇక ఆరేసే సంగతి. మగవాళ్ల బనియన్లు డాబా మీద రెపరెపలాడుతుంటాయి. మన లోదుస్తులేమో బాత్రూమ్ తలుపు వెనక, తువ్వాలు కింద దాక్కుంటాయి. వానాకాలంలో రెండురోజులైనా ఎలాస్టిక్ దగ్గర చెమ్మ పోదు, అదే తొడుక్కుని ఆఫీసుకి పరిగెడతాం. తీగ మీద ఎండలో వేయండి, ఎవరేమనుకున్నా సరే. ఎండ లేని రోజు ఇస్త్రీ పెట్టె తిప్పండి. కాటన్‌వి, కాస్త వదులుగా ఉన్నవి తొడుక్కోండి.

జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుళ్లు, నెలసరి కాని రక్తం, వీటిలో ఏది కనిపించినా చిట్కాలతో రోజులు గడపకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.