కాలువ బండ, ర్యాంపు, వీధి దీపం: కర్నూలులో పెద్దవాళ్ళ నడక కోసం అర్జీ పెట్టే విధానం

పెద్దవాళ్ళు మెడికల్ షాపుకో, రైతు బజారుకో తమంతట తాము పోయి రాకుండా ఆపేవి చిన్న చిన్నవే: విరిగిన కాలువ బండ, జానెడు ఎత్తు మెట్టు, వెలగని దీపం. వీటిని బాగుచేయమని అర్జీ పెట్టడానికి ఫీజు లేదు, ఆదాయం సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆధార్ కార్డు, ఫోను, రెండు ఫొటోలు, తెల్ల కాగితం చాలు. అయినా చాలా అర్జీలు 'మా పరిధి కాదు' అన్న ఒక్క మాటతో మూతపడతాయి. తప్పు ఎక్కువగా రాసిన తీరులోనే ఉంటుంది.

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. కాలనీ వీధులు, సందులు, పక్క కాలువలు నగరపాలక సంస్థవి. కొన్ని పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) చేతిలో ఉంటాయి. 44, 40 నంబర్ల హైవేలు, వాటి సర్వీసు రోడ్లు జాతీయ రహదారుల వాళ్ళవి. స్తంభం మీది దీపం కార్పొరేషన్‌ది. స్తంభం ఒరిగినా, తీగ వేలాడినా విద్యుత్ సంస్థకు, అంటే 1912కు చెప్పాలి. ఈ లెక్క వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువల పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీని అడిగితే నిమిషంలో తేలుతుంది. అక్కడే చెప్పి చిన్న పనులు చేయించుకోవచ్చు కూడా.

తర్వాత కొలతలు. 'రోడ్డు బాగాలేదు, ముసలివాళ్ళు ఇబ్బంది పడుతున్నారు' అని రాస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎక్కడికి రావాలి, ఏం చూడాలి? ఇలా రాయండి:

'ఫలానా వార్డు, ఫలానా వీధి, ఫలానా నంబరు కరెంటు స్తంభం పక్కన మురుగు కాలువ మీది రెండు నాపబండలు విరిగాయి. బండలు లేని ఖాళీ పొడవు 4 అడుగులు, కాలువ లోతు 2 అడుగులు. కొత్త బండలు గరుకు వైపు పైకి ఉండేలా వేయించగలరు.'

ఆ చివరి వాక్యం వదలొద్దు. మన బేతంచెర్ల నాపరాయి పాలిష్ పెడితే అద్దంలా ఉంటుంది, నాలుగు చినుకులు పడితే చెప్పు నిలవదు.

ర్యాంపు అడిగేటప్పుడు వాలు కూడా రాయాలి. ఎత్తు ఒక వంతైతే పొడవు 12 వంతులు. మెట్టు 15 సెంటీమీటర్లుంటే ర్యాంపు 180 సెంటీమీటర్లు, దాదాపు ఆరడుగులు. వాలు రాయకపోతే రెండడుగుల్లో ముగించేస్తారు. దాని మీద బైకు ఎక్కుతుంది గానీ వీల్‌చైర్ ఎక్కదు, కర్ర పట్టుకున్న మనిషి దిగలేడు. బెంచీకైతే కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్లు, వెనక ఆనుడు, రెండు పక్కలా చేతులు ఉండాలని అడగండి. చేతుల్లేని సిమెంటు బెంచీ మీద కూర్చున్న మోకాళ్ళ నొప్పి మనిషి లేవడానికి ఇంకొకరిని పిలవాలి.

ఒక అర్జీలో ఒకటే పని. దీపం, బండ, బెంచీ కలిపి రాస్తే దీపం వెలిగించి మొత్తం అర్జీ పరిష్కారమైందని మూసేస్తారు. ఇది తరచూ జరిగేదే.

అర్జీ ఇవ్వడానికి దారులు ఇవి: సెలవు లేని సోమవారం కలెక్టరేట్‌లోనో, నగరపాలక సంస్థలోనో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక, 1100కు ఫోను, మీకోసం వెబ్‌సైటు, రాష్ట్ర ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ నంబరు 9552300009. మా మాట అడిగితే, నేరుగా వెళ్ళగలిగినవాళ్ళు సోమవారం పొద్దున్నే వెళ్ళడమే మేలు. అక్కడ అర్జీని ఏ శాఖకు పంపుతున్నారో కళ్ళముందే తెలుస్తుంది. రాంగ్ శాఖ పడితే అప్పుడే మార్పించుకోవచ్చు. రసీదు మీది నంబరు చూసుకోకుండా లేవకండి.

ఇంకో చిక్కు ఫోను నంబరుతో. పెద్దాయన పేరున అర్జీ, నంబరేమో బెంగళూరులో ఉన్న మనవడిది. పరిశీలనకు వచ్చిన సిబ్బంది ఆ నంబరుకు చేస్తారు, ఎత్తరు. అర్జీదారు అందుబాటులో లేరని రాసి వెళ్ళిపోతారు. కాబట్టి వీధిలో ఉండే మనిషి నంబరే ఇవ్వండి.

పని కాకుండానే 'పరిష్కారమైంది' అని మెసేజ్ వస్తే ఊరుకోవద్దు. ఆ రోజు తేదీ కనిపించేలా ఫొటో తీసి, పాత రసీదు జతచేసి అర్జీని తిరిగి తెరిపించండి. 'నిధులు వచ్చాక చేస్తాం' అని రాసినా అంతే. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో దరఖాస్తు పెట్టి రెండు ప్రశ్నలు అడగండి: ఈ పనికి అంచనా తయారైందా, తయారైతే ఏ తేదీన, ఎంతకు? 30 రోజుల్లో జవాబివ్వాలి. అంచనా అనేదే లేకపోతే అది కాగితం మీద బయటపడుతుంది, తర్వాతి సోమవారం ఆ కాగితమే చేతిలో పెట్టుకుని వెళ్ళొచ్చు.

కొలతలు తీసేటప్పుడు ఇంటి ముందు కాలువ మీదికి మనవాళ్ళే పోసుకున్న బైకు ర్యాంపులు కూడా చూసుకోండి. కార్పొరేషన్ వాళ్ళు పనికి దిగితే మొదట కొట్టేసేది వాటినే, అక్కడ గొడవైతే పని ఆగేది వీధి మొత్తానికి.

పని మొదలైన రోజు ఒకరు దగ్గరుండాలి. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు గీయించి కాలికి పట్టు వచ్చేలా చేయించండి, ఆరాక గీయలేరు. తర్వాత కనీసం వారం రోజులు గోనెపట్టాలు కప్పి తడపాలి. కర్నూలు ఎండకు తడపని ర్యాంపు అంచులు ముందు రాలిపోతాయి.