ఈ-ప్రిస్క్రిప్షన్ సమస్యలు: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిదిద్దాలి

సమస్య: మన స్క్రీన్ మీద ‘సెంట్’ అని ఉంది, ఫార్మసీలో రాలేదంటున్నారు

క్లినిక్ కంప్యూటర్ నుంచి నేరుగా ఫార్మసీకి పంపే మందుల చీటీయే ఈ-ప్రిస్క్రిప్షన్. అది చేరకపోతే అందరూ ముందు నెట్‌వర్క్‌నే అనుమానిస్తారు. దానికంటే ముందు, పేషెంట్ ఫైల్‌లో ఏ ఫార్మసీ ఉందో చూడండి. ఎప్పుడో నమోదు చేసిన పాత షాపే డిఫాల్ట్‌గా ఉండిపోయి ప్రిస్క్రిప్షన్ అక్కడికి చేరి ఉండొచ్చు. అది సరిగ్గానే ఉంటే, పుట్టిన తేదీతో మరోసారి వెతకమని ఫార్మసీ వాళ్లను అడగండి. పేరు స్పెల్లింగ్ తేడా వల్ల కనబడకపోవచ్చు.

‘సెంట్’ అంటే మన దగ్గర బయల్దేరిందనే అర్థం, అవతల అందిందని కాదు. అందనివి ఎర్రర్ జాబితాలో పడతాయి. దాన్ని ఉదయం, సాయంత్రం చూసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. ఏం జరిగిందో తేలకుండా కంగారులో రెండోసారి పంపకండి, ఒకే మందు రెండుసార్లు ఇచ్చే ప్రమాదం ఉంది.

సమస్య: ఆపేసిన మందును పేషెంట్ ఇంకా వాడుతున్నారు

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఎవరికీ ఏ తప్పూ కనబడదు. డాక్టర్ తన జాబితాలోంచి మందు తీసేస్తారు. కానీ ఆ మార్పు క్లినిక్ రికార్డుకే పరిమితం కావచ్చు. ఫార్మసీలో రీఫిల్స్, అంటే అదే చీటీ మీద మళ్లీ మందు ఇచ్చే అనుమతులు, అలాగే మిగిలి ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌ను 5 మి.గ్రా. నుంచి 3 మి.గ్రా.కు తగ్గించారనుకోండి, రెండు రకాల మాత్రలూ ఇంటికి చేరతాయి. పేషెంట్ రెండూ వేసుకుంటే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

జాబితాలోంచి తీసేయడం వేరు, ఫార్మసీకి రద్దు సందేశం పంపడం వేరు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండో పని ఏ బటన్ చేస్తుందో కనుక్కోండి. రద్దయినట్టు జవాబు రాకపోతే ఫోన్ చేయండి. కొన్ని ఫార్మసీల వ్యవస్థలు ఆ సందేశాన్ని అందుకోలేవు. పాత మాత్రలు పక్కన పెట్టమని పేషెంట్‌కు కూడా నోటితో చెప్పండి.

సమస్య: “రోజూ వేసుకోవాలా, వారానికి ఒకసారా?” అని ఫార్మసిస్ట్ ఫోన్

మోతాదు గడిలో డిఫాల్ట్‌గా ‘రోజుకొకసారి’ వచ్చింది. డాక్టర్ దాన్ని మార్చకుండా కింద నోట్స్‌లో ‘వారానికొకసారి’ అని రాశారు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ విషయంలో ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. దాన్ని వారానికొకసారే వాడాలి, రోజూ వేసుకుంటే చనిపోయే ప్రమాదం ఉంది.

ఆ మందుకు డిఫాల్ట్‌నే ‘వారానికొకసారి’గా మార్పించండి. వారంలో ఏ రోజో, ఏ జబ్బుకో కూడా రాయండి. మోతాదు గడిలో చెప్పాల్సింది నోట్స్‌లో రాయొద్దు. ఇలా ఫోన్ చేసి అడిగే ఫార్మసిస్ట్ మీద విసుక్కోకండి.

సమస్య: ఒక మందు బదులు మరొకటి వెళ్లింది

మూడు అక్షరాలు కొట్టి, జాబితాలో పక్క వరుస మీద నొక్కేశారు. బీపీకి వాడే హైడ్రాలజీన్, దురదకు వాడే హైడ్రాక్సిజీన్ ఇలాగే తారుమారవుతాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఈ రెండూ విడిపోయేది ఐదో అక్షరం దగ్గర. కనీసం ఐదు అక్షరాలు కొట్టాకే ఎంచుకోండి.

సమస్య: పిల్లల మోతాదు రెట్టింపు కంటే ఎక్కువ వచ్చింది

పిల్లల మోతాదును బరువును బట్టి లెక్కిస్తారు. కిలోల గడిలో బరువు పౌండ్లలో పడింది, అంటే 2.2 రెట్లు. ఆ గడి కిలోలు తప్ప మరేదీ తీసుకోకుండా లాక్ చేయించండి.

సమస్య: హెచ్చరికలను చదవకుండానే మూసేస్తున్నారు

మందు రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూపే హెచ్చరికల్లో పనికిరానివి ఎక్కువైతే ఎవరైనా అలాగే చేస్తారు. అన్నీ ఆపేయడం మాత్రం పరిష్కారం కాదు. ముందు ఎలర్జీ జాబితా శుభ్రం చేయండి. ఒక మందుకు కడుపులో తిప్పిందని ఎప్పుడో చెప్పిన మాట ‘ఎలర్జీ’గా నమోదై ఉంటే, ఆ కోవ మందు రాసిన ప్రతిసారీ హెచ్చరిక వస్తుంది. తర్వాత ఫార్మసిస్ట్‌తో కూర్చుని, దాదాపు ప్రతిసారీ మూసేస్తున్న హెచ్చరికలేవో సాఫ్ట్‌వేర్ నమోదు చేసుకునే లాగ్‌లో చూడండి. వాటిలో ప్రమాదం తక్కువవి పనికి అడ్డుపడకుండా పక్కన కనిపించేలా మార్పించండి. నిజమైన ఎలర్జీకి, ప్రాణాపాయం తెచ్చే మందుల కలయికకు మాత్రం, కారణం రాస్తే తప్ప ముందుకు వెళ్లనివ్వకూడదు.