ఇంట్లో చేసుకున్న పూల్ టేబుల్‌కి కుషన్లు, పాకెట్ ఫేసింగ్స్ అతికించడం ఎలా

చెక్కపని అయిపోయి రబ్బర్ దాకా వచ్చారంటే ఇక్కడ మాత్రం తొందరపడకండి. పూల్ బాల్ 57 మి.మీ. ఉంటుంది, కుషన్ ముక్కు (అంచున అతికించే రబ్బర్‌లో బాల్ తగిలే అంచు) బెడ్ (బాల్ దొర్లే పలక) నుంచి 36.5 మి.మీ. దగ్గర్లో ఉండాలి. అంతకంటే కిందికుంటే గట్టిగా కొట్టినప్పుడు బాల్ ఎగిరిపోతుంది, పైకుంటే బాల్‌ని బెడ్‌కేసి నొక్కేస్తుంది, స్పీడ్ చచ్చిపోతుంది. అందుకే గమ్ డబ్బా తెరవకముందే చిన్న రబ్బర్ ముక్కని రైల్‌కి (టేబుల్ చుట్టూ ఉండే చెక్క పట్టీకి) పట్టించి, రైల్ బిగించి, క్లాత్ మందం కూడా కలుపుకుని కొలిచి చూడండి.

కె-66 ప్రొఫైల్ (పూల్ టేబుల్ కుషన్లకి వాడే ఒక షేప్) రబ్బరే అడగండి. స్నూకర్ రబ్బర్ ఇస్తామంటే వద్దు, దాని షేపే వేరు.

కాంటాక్ట్ గమ్ రైల్‌కీ రబ్బర్‌కీ రెండిటికీ పల్చగా రాసి, వేలికి అంటుకోనంత ఆరాక ఒక చివర నుంచి నొక్కుకుంటూ పోండి, ఒకసారి పడితే మళ్ళీ జరపలేరు. రబ్బర్‌ని అస్సలు లాగొద్దు! నేను మొదటి రైల్‌కి నీట్‌గా రావాలని కొంచెం లాగి అతికించాను, కొన్నాళ్ళకి అది వెనక్కి ముడుచుకుని పాకెట్ దగ్గర గ్యాప్ వచ్చింది, మొత్తం పీకి మళ్ళీ చేశాను. రెండు చివర్లా కాస్త ఎక్కువ వదిలి, గమ్ పట్టాక రైల్ కోతకి సమంగా కొయ్యండి, బ్లేడ్‌ని సబ్బు నీళ్ళతో తడిపితే సాఫీగా తెగుతుంది.

కోత యాంగిల్ ముక్కు లైన్ నుంచి కార్నర్ పాకెట్‌కి 142 డిగ్రీలు, సైడ్ పాకెట్‌కి 104. పైగా ఆ కోత కిందికి వెళ్ళేకొద్దీ 12 నుంచి 15 డిగ్రీలు రైల్ లోపలికి వాలాలి, అప్పుడే బాల్ బయటికి ఎగరకుండా కిందికి దిగుతుంది.

ఫేసింగ్ అంటే ఆ కోసిన ముఖం మీద అతికించే పల్చని రబ్బర్, కుషన్ కంటే గట్టిగా ఉండాలి, 3 మి.మీ. అయితే సరిపోతుంది. చాలామంది మర్చిపోయేది ఏంటంటే రెండు వైపులా కలిపి పాకెట్ మూతి దాదాపు 6 మి.మీ. తగ్గిపోతుంది. కార్నర్ మూతి చివరికి నాలుగున్నర అంగుళాలు, సైడ్ అయిదు అంగుళాలు మిగలాలి కాబట్టి మూతిని ముందే ఆ 6 మి.మీ. ఎక్కువ వెడల్పుగా కొయ్యండి. ఫేసింగ్ ముక్క కొంచెం పెద్దదే అతికించి, ఆరాక అంచులు కోసి ఎమరీ పేపర్‌తో రుద్దండి. క్లాత్ లాగేటప్పుడు ఊడిపోకుండా వెనక చెక్క వైపు, బాల్ తగలని చోట, ఒక పిన్ను కొడితే మంచిది.

రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్నే క్లాత్ వేసుకోండి.